ఒక కార్డుకు ఒక్కరే

వేన్నీళ్ల తొట్టి తలుపుకు కార్డు యంత్రం బిగించినప్పుడు ఎండలు ఇంకా ముదరలేదు. ఆ ఎండలు తగ్గేసరికి తొట్టి లేదు, మా ఇంట్లో అక్క గది ఖాళీ అయింది, నేనూ మా ఆయనా ఒక కప్పు కింద ఉండటం మానేశాం. వీటన్నిటికీ ఒక తలుపు కారణమంటే బయటివాళ్లు నవ్వుతారు. మా కాలనీలో ఎవరూ నవ్వరు.

మాది రిటైరైనవాళ్ల కాలనీ. రెండు వేల పైచిలుకు ఇళ్లు. అన్నీ ఒకటే అంతస్తు, ఏ ఇంటికీ గడప లేదు. నడి మధ్యన క్లబ్బు భవనం. అందులో మీటింగు హాలు, లైబ్రరీ, పేకాట గది, జిమ్ము, వెనక ఈతకొలను, దాని పక్కన అద్దాల గదిలో ఇంకో చిన్న కొలను. చిన్నదాంట్లో నీళ్లు గోరువెచ్చగా, ఛాతీ లోతు ఉంటాయి. మోకాళ్లు అరిగినవాళ్లు, తుంటి ఎముక మార్పించుకున్నవాళ్లు, పక్షవాతం వచ్చి తేరుకుంటున్నవాళ్లు పొద్దున్నే అందులో దిగి నడుస్తారు. నేల మీద నడవలేనివాళ్లకు నీళ్లలో కాళ్లు ఆడతాయి. కాగితాల మీద దానికేదో పెద్ద పేరుంది. మేం తొట్టి అంటాం. ఇళ్లు అమ్మేటప్పుడు కంపెనీవాళ్లు పంచిన పుస్తకం అట్ట మీద ఉన్నది ఆ తొట్టి బొమ్మే.

మా అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. బావ పోయాక మా దగ్గరికి వచ్చేసింది. వచ్చిన మరుసటి ఏడు ఎడమ పక్క పడిపోయింది. మాట ముందు తిరిగొచ్చింది, కాలు వెనకబడింది. "నోరు బాగుపడింది, చాల్లే. కాలుతో ఎవర్ని తిట్టాలి కనక?" అంది ఆసుపత్రి మంచం మీద. ఆ కాలును మళ్లీ నేల మీద ఆనించింది తొట్టే.

కాలు ఆనకపోతే ఏమవుతుందో మాకందరికీ తెలుసు. ఏటా వర్షాల ముందు నర్సు ఇంటింటికీ వస్తుంది. చేతులు లేని కుర్చీలో కూర్చోబెట్టి, ఎవరి ఆసరా లేకుండా లేవమంటుంది. లేచి, గోడదాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. లేవలేనివాళ్లు ఇళ్లలో ఉండటానికి వీల్లేదు, గేటుకు దూరంగా ఉన్న సంరక్షణ బ్లాకుకు మారాలి. బీమా కంపెనీ షరతు అంటారు. ఆ బ్లాకును మేం 'వెనక' అంటాం. ఫలానా ఆయన వెనక్కి వెళ్లాడంటే ఇంకేం అడగం. వెనక్కి వెళ్లినవాళ్లెవరూ తిరిగి ముందుకు రావడం నేను చూడలేదు.

కిందటేడు అక్క లేచింది. లేచి గోడ తాకి, నర్సు వైపు తిరిగి, "ఇంకో గోడ చూపించు" అంది.

తొట్టి తలుపు బరువు. వేడి బయటికి పోకుండా పైన స్ప్రింగు పెట్టారు. క్లబ్బు తలుపులన్నిటికీ పెట్టిన కొత్త యంత్రం ఇక్కడ ఎడమ పక్క గోడకు. కార్డు ఆనిస్తే కీచుమని గొళ్లెం వదులుతుంది, వెంటనే లాగకపోతే మళ్లీ పడిపోతుంది. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో తువ్వాలు, ఇంకో చేత్తో కార్డు పట్టుకుని నాలుగో చేత్తో తలుపు లాగాలి. యంత్రం కొన్నవాడికి అన్ని చేతులూ ఉండి ఉంటాయి. తలుపు మీద కాగితం అంటించారు: ఒక కార్డుకు ఒక్కరే.

మొదటి రోజే కండక్టరు దీనికి ఉపాయం కనిపెట్టాడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. తన కార్డు ఆనించి, తలుపు లాగి, సందులో చెప్పు పెట్టి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"రండి రండి. ముందుకు జరగండి, లోపల ఖాళీగా ఉంది. కర్రలవాళ్లు ముందు, మోకాళ్లవాళ్లు వెనక. జన్మలో టికెట్టు లేకుండా ఒక్క పురుగును ఎక్కనివ్వలేదు. చివరికి నా గతి ఇలా అయింది."

"టికెట్టు అడిగావంటే నీ బస్సులో కాలు పెట్టను," అంది అక్క.

"మీరు కాలు పెట్టడమే నాకు కావాలమ్మా. ఆ ఎడమది పెట్టండి ముందు. రైట్ రైట్."

ఆ వేళ నుంచి అదే అలవాటయింది. ఎవరు ముందు వస్తే వాళ్లు కార్డు ఆనించి తలుపు పట్టుకునేవాళ్లు. మిగతావాళ్లు లోపలికి. కండక్టరు రాని రోజు దర్జీ పిన్ని పట్టుకునేది. తొట్టిలో దిగే ఆడవాళ్లందరికీ బట్టలు కుట్టింది ఆవిడే. మోచేతుల దాకా చేతులు, మోకాళ్ల కిందికి అంచు. నీళ్లలో అంచు పైకి తేలకుండా కర్టెన్లకు వేసే సీసం బిళ్లలు కుట్టేది. "మునిగితే నా పూచీ లేదు, మానానికి మాత్రం పూచీ" అనేది.

మా ఆయనా పట్టుకునేవాడు. అక్కను బ్యాటరీ బండిలో తొట్టిదాకా తెచ్చేది ఆయనే. వెనకనుంచి ఇంకో నలుగురు వస్తుంటే, భుజంతో తలుపు నెట్టి పట్టుకుని, ఖాళీగా ఉన్న చేత్తో అక్క మోచెయ్యి పట్టుకుని నిలబడేవాడు. "మెల్లగా వదినా. తడిగా ఉంది." అందరూ వెళ్లాక తలుపు వదిలి, క్లబ్బు వరండా బల్ల మీద పేపరు చదువుకుంటూ కూర్చునేవాడు. అక్క బయటికి రాగానే పొడి తువ్వాలు అందించేవాడు. ఇది నేను విన్న సంగతి కాదు. రోజూ చూసిన సంగతి.

ఆయన ఆడిటరు. ఉద్యోగమంతా ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టాడు. ఆ ఏడాది మొదట్లో కాలనీ ఎన్నికల్లో అధ్యక్షుడిగా నిలబడ్డాడు. నెలనెలా కట్టే మెయింటెనెన్సు ఒక్క పైసా పెంచనని ప్రతి గుమ్మం ముందూ చెప్పాడు. చెప్పిన ప్రతి గుమ్మమూ ఓటేసింది. తొట్టిలో నడిచేవాళ్లమూ వేశాం.

కాలనీని నడపడానికి ఒక కంపెనీ ఉంది. ఆ కంపెనీ ఒక మేనేజరును పంపింది. ముప్పై దాటినవాడు. ఏది అడిగినా "ఒక్క నిమిషం మేడమ్" అని గోడ మీద బొమ్మ వేసి చూపిస్తాడు. కుళాయి కారుతోందన్నా బొమ్మే. అందుకని అతనికి స్లైడుబాబు అని పేరు పడింది. ఎండలు మంచి పట్టులో ఉండగా ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, మా టీవీకి తన కంప్యూటరు తగిలించాడు.

"సార్, ఇది మన సౌకర్యాల వినియోగం. జిమ్ము ఆకుపచ్చ. లైబ్రరీ ఆకుపచ్చ. పేకాట గది బాగా ఆకుపచ్చ." ఆగాడు. "ఇది హైడ్రోథెరపీ పూల్."

అన్నిటి చివర ఒక ఎర్ర గీత. మరుగుజ్జుది.

"రోజుకు సగటున ముగ్గురు సార్. ముగ్గురి కోసం ఆ నీళ్లన్నీ రాత్రింబవళ్లు కాస్తున్నాం."

కాఫీ కప్పులు బల్ల మీద పెడుతున్నదాన్ని అక్కడే ఆగాను. "ముగ్గురా? ఇవాళ పొద్దున నేను చూసిన తలలే పాతిక ఉన్నాయి."

"తలలు యంత్రం చూడదు మేడమ్. కార్డులు చూస్తుంది."

"తలలు చూసేది కొనకపోయారా?"

"నువ్వు కాస్త ఆగు," అన్నాడు మా ఆయన. నా వైపు చూడలేదు. టీవీ వైపే చూస్తున్నాడు.

స్లైడుబాబు ఇంకో బొమ్మ వేశాడు. తొట్టి ఉన్న చోట గాజు గోడల లాంజి. సోఫాలు. సోఫాల్లో మాకెవరికీ లేనంత నల్లటి జుట్టుతో ముసలివాళ్లు. ఇళ్లు కొనడానికి వచ్చేవాళ్లను అక్కడ కూర్చోబెడతారట. ఇంటి అమ్మకం జరిగినప్పుడల్లా కాలనీకి కొంత వాటా వస్తుంది. ఆ వాటాతో మీటింగు హాలు పైకప్పు వేయించవచ్చు.

అతను వెళ్లేదాకా ఓపిక పట్టాను.

"మీరు రోజూ తలుపు పట్టుకుంటారు కదా. లోపలికి ఎందరు వెళ్లారో మీకు తెలీదా?"

"తెలుసు."

"మరి ఆ ముగ్గురి బొమ్మకు గంగిరెద్దులా తలూపారే?"

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "హాలు కప్పు ఏ వానకు కూలుతుందో తెలీదు. నిధిలో ఏమీ లేదు. నాకు ముందు అధ్యక్షులు ఓట్ల కోసం మెయింటెనెన్సు పెంచకుండా కప్పు సొమ్ము తినేశారు. ఇప్పుడు పెంచితే చివరి వీధులవాళ్లు కట్టలేరు, ఇళ్లు అమ్ముకుని పోవాలి. వాళ్లూ మనుషులే. ఏదో ఒకటి మూయాలి. అన్నిటికంటే ఖర్చు తొట్టిది."

"అయితే ఆ మాటే చెప్పండి. డబ్బు లేదు, అందుకని మూస్తున్నాం అనండి. ఏడుస్తాం, తిడతాం, మీ లెక్క మీది అనుకుంటాం. ఎవరూ రావడం లేదని ఎందుకంటారు?"

"డబ్బు లేదని సభలో చెప్తే మర్నాటికి ఊరంతా పాకుతుంది. ఇళ్ల ధరలు పడిపోతాయి. అందరి ఇళ్లూ. మనదీ."

"అందుకని మేం లేమంటారు."

"యంత్రం అంటోంది."

నా ఒళ్లు మండిపోయింది. ఏదో విసరాలనిపించింది, చేతిలో ట్రే తప్ప ఏమీ లేదు. ఈలోపు అక్క గదిలోంచి కేకేసింది.

"మరిదీ! అయితే నేను రోజూ తడిసి వస్తున్నది ఎవరి కల్లోనయ్యా?"

ఆయన నవ్వాడు. మా ఇంట్లో వాళ్లిద్దరి మాటలకు నవ్వడం ఎప్పుడూ ఉన్నదే. కానీ అక్క గదివైపు వెళ్లలేదు. కళ్లజోడు పెట్టుకుని టీవీ కట్టేశాడు.

మర్నాడు తొట్టి దగ్గర చెప్పాను. కండక్టరు మొహం మాడిపోయింది. "అంటే నా చెప్పే మన కొంప ముంచిందన్నమాట," అన్నాడు. ఇక ఒక్కొక్కరూ కార్డు ఆనించాలనుకున్నాం. వరస కట్టాం. తొట్టి ముందు నీడ లేదు. కర్రల మీద నిలబడినవాళ్లు గోడకు జారగిలబడ్డారు. కీచుమంటుంది, లాగలేరు, గొళ్లెం పడుతుంది, మళ్లీ కార్డు. దర్జీ పిన్ని మణికట్టు తలుపు సందులో పడి కమిలిపోయింది. సూది పట్టే చెయ్యి. కండక్టరు చూడలేక చెప్పు పెట్టబోతే ఆవిడే కసిరింది. "తియ్యి! నీ మంచితనంతోనే చచ్చాం ఇప్పటిదాకా."

అక్క తన వంతు వచ్చేదాకా నిలబడింది. లోపలికి వెళ్లేసరికి కాలు బిగుసుకుపోయి నీళ్లలో దిగలేకపోయింది. మెట్టు మీద కూర్చుని మిగతావాళ్లను చూసింది.

ఆ వారమంతా అలాగే పడ్డాం. వారం చివర ఆఫీసుకు వెళ్లి, ఇప్పుడు చూడమని స్లైడుబాబును అడిగాను. చూశాడు. నిజమే మేడమ్, బాగా పెరిగింది అన్నాడు. అయితే లెక్కకు తీసుకునే గడువు కిందటి నెలాఖరుతో ముగిసిందన్నాడు.

"మాకెవరూ చెప్పలేదే?"

"నోటీసు పెట్టాం మేడమ్."

"ఎక్కడ?"

"జిమ్ములో."

సభ పెట్టిన రోజు హాలు నిండింది. పైకప్పు మీద తేమ మరకలు పలక నుంచి పలకకు పాకి ఉన్నాయి. ఎవరూ పైకి చూడలేదు. వేదిక మీద కమిటీ అయిదుగురు, మధ్యలో మా ఆయన. కింద మైకు, దాని పక్కన చిన్న దీపం. మాట్లాడే గడువు అయిపోతే దీపం ఎర్రబడుతుంది, మైకు ఆగిపోతుంది. అది కూడా స్లైడుబాబు తెప్పించిందే.

అతను బొమ్మలు వేశాడు. ఆకుపచ్చ, ఆకుపచ్చ, ఆకుపచ్చ, ఎరుపు. పేకాట గది జట్టులోంచి ఒకాయన, "మా డబ్బుతో మీకు వేన్నీళ్ల స్నానాలా? ఇంట్లో గీజర్లు లేవా?" అన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు. వాళ్లలో చివరి వీధులవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. నా కోపమంతా వేదిక మధ్యలో కూర్చుంది.

కండక్టరు మైకు ముందుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

"తప్పు నాది. తలుపు సందులో చెప్పు పెట్టింది నేను. నా ఒక్క కార్డు మీద మందినంతా లోపలికి తోలాను. జరిమానా వేస్తే నాకు వేయండి. తొట్టికి వేయకండి."

హాలు నవ్వింది. స్లైడుబాబు కూడా నవ్వి, చేతులు జోడించాడు. "పెద్దాయన నిజాయతీకి నమస్కారం. కానీ ఒక కార్డుకు ఒక్కరే అన్నది నియమం. నియమం తప్పి లోపలికి వెళ్లినవాళ్లను వినియోగదారులుగా లెక్క వేయలేం. వేస్తే నియమం తప్పడాన్ని మనమే ఒప్పుకున్నట్టవుతుంది."

"అంటే మేం లోపల ఉన్నాం. కానీ లేం."

"రికార్డు ప్రకారం, అవును సార్."

కండక్టరు జేబు తడుముకున్నాడు, ఏదో మరిచిపోయినట్టు. తర్వాత వెళ్లి కూర్చున్నాడు.

నేను లేచాను. కోర్టులో స్టెనోగా పనిచేసినదాన్ని. ప్రశ్న ఎలా అడగాలో లాయర్ల నోట విని విని నాకు వచ్చింది.

"అధ్యక్షులవారికి ఒక ప్రశ్న."

మా ఆయన తలెత్తాడు. ఆ పేరుతో ఆయన్ను నేనెప్పుడూ పిలవలేదు.

"మా అక్కను రోజూ తొట్టికి తెచ్చేది ఎవరు?"

"అది ఇంటి విషయం. ఇక్కడ..."

"తెచ్చి, తలుపు పట్టుకునేది ఎవరు?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పట్టుకున్నప్పుడు మీ పక్కనుంచి ఎంతమంది లోపలికి వెళ్లారు?"

"సభకు నేను రికార్డులో ఉన్నదే చెప్పగలను."

"రికార్డు నేనడగలేదు. మీ కళ్లతో చూశారా, లేదా?"

దీపం ఎర్రబడింది. ఆ తర్వాత నేనన్న మాటలు నాకే వినపడ్డాయి. హాలుకు వినపడలేదు.

ముందు వరసలో కూర్చున్న అక్కకు మైకుతో పని లేదు. "చెప్పు మరిదీ," అంది. తిట్టలేదు. బతిమాలలేదు. ఇంట్లో మంచినీళ్లు అడిగినట్టే అడిగింది. "తువ్వాలు ఇచ్చేవాడివి కదా."

మా ఆయన ముందున్న కాగితం చూస్తూ, "ఓటింగుకు వెళ్దాం," అన్నాడు.

కమిటీలో ఇద్దరు మూయొద్దన్నారు, ఇద్దరు మూయాలన్నారు. సమానమైతే అధ్యక్షుడు ఓటు వేయాలి. వేశాడు. మోచెయ్యి బల్ల మీదే ఆనించి, అరచెయ్యి మాత్రం పైకెత్తాడు. స్లైడుబాబు ముందే సిద్ధం చేసుకున్న బొమ్మ వేశాడు. గాజు గోడలు, సోఫాలు, నల్లటి జుట్టు.

ఇంటికి బండి మీదే వెళ్లాం, ముగ్గురమూ. ఆయనే నడిపాడు. గతుకులు వచ్చిన చోట నెమ్మదించాడు, అక్క కాలు కదలకుండా. ఇంటి ముందు దిగుతూ అక్క ఆయన భుజం పట్టుకుంది, ఎప్పటిలాగే. పట్టుకోవడానికి అక్కడ వేరే ఏమీ లేదు.

తొట్టిలోంచి నీళ్లు వదిలేశారు. అద్దంలోంచి చూస్తే అడుగున నీలం పలకలు, ఒక మూల ఎవరిదో తలకు పెట్టుకునే రబ్బరు టోపీ. దర్జీ పిన్ని, "నీళ్లొదులుకోవడమంటే ఇదేనేమో," అని నవ్వబోయి మానేసింది. ఆ సాయంత్రం నుంచి అక్కను ఇంట్లోనే నడిపించాం. గోడ పట్టుకుని, నన్ను పట్టుకుని, ఆయన్ను పట్టుకుని. వీధి చివర డాక్టరు చెప్పిన వ్యాయామాలన్నీ చేసింది. ఎక్కువ చేస్తే మోకాలు వాచేది, తక్కువ చేస్తే బిగుసుకునేది. పెద్ద కొలనులో దించి చూశాం. ఆ చన్నీళ్లకు కాలు కర్రయిపోయింది, ఇద్దరం కలిసి బయటికి లాగాం.

మొదటి మబ్బులు కమ్మిన రోజు నర్సు కుర్చీ తెచ్చింది.

అక్క కూర్చుంది. చేతులు గుండెల మీద పెట్టుకుంది, రూలు ప్రకారం. ముందుకు వంగింది. కుడికాలు లేచింది. ఎడమది లేవలేదు. మళ్లీ వంగింది. నర్సు కాగితం మీద రాయకుండా ఆగింది. మంచి పిల్ల. "ఇంకోసారి చూద్దాం అమ్మమ్మా," అంది. మా ఆయన అక్క వైపు ఒక అడుగు వేశాడు. చెయ్యి చాచాడు.

"ఆగు మరిదీ," అంది అక్క. "నువ్వు పట్టుకుంటే లెక్కలోకి రాదు."

ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది. అక్క మూడోసారి ప్రయత్నించలేదు. "రాసుకో అమ్మా," అంది నర్సుతో.

వెనక బ్లాకులో గదికి రెండు మంచాలు. రక్తసంబంధీకులు కావాలంటే రెండో మంచం తీసుకోవచ్చు. నా పెన్షను దానికి సరిపోతుంది. పెట్టె సర్దుకుంటుంటే మా ఆయన గది గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వెందుకు వెళ్లడం? పగలంతా అక్కడే ఉండి, రాత్రికి ఇంటికి రావచ్చు కదా."

"రాను."

"జనం ఏమనుకుంటారు? అధ్యక్షుడి భార్య..."

"కాగితాల మీద నా పేరు ఈ ఇంట్లోనే ఉంటుంది. మీకు అది చాలు కదా?"

"నేను చేసింది తప్పే అనుకో. కానీ అందరి మంచి కోసం..."

"మూసినందుకు కాదు నేను వెళ్తున్నది," అన్నాను. చీరలు మడతపెట్టడం ఆపలేదు. "మూయాల్సి వచ్చిందేమో. ఆ కప్పు సంగతి నాకూ తెలుసు. అక్క మిమ్మల్ని మరిదీ అని పిలిచి అడిగింది. ఇంటి మనిషి. నిన్ను చూశాను అని ఒక్క మాట అని, ఆ తర్వాత చెయ్యెత్తి ఉంటే నేనీ పెట్టె తీసేదాన్ని కాదు."

ఆయన పెట్టె పిడి పట్టి ఎత్తి చూశాడు. చివరికి, "ఆ పెట్టె బరువు, నేను మోస్తాలే," అన్నాడు.

మోశాడు. చక్రాల కుర్చీ కూడా ఆయనే తోశాడు. పనులు చేయడంలో మా ఆయనకు ఎప్పుడూ వంక పెట్టలేం.

తర్వాత కాలనీలో ఒక కొత్త సంగతి మొదలైంది. ఎవరు అనుకున్నారో, ఎక్కడ అనుకున్నారో తెలీదు. తలుపులు పట్టుకోవడం మానేశారు. లైబ్రరీ దగ్గర, జిమ్ము దగ్గర, హాలు దగ్గర, ముందు వెళ్లినవాళ్లు వెనకవాళ్ల మొహం మీదే తలుపు వదిలేస్తున్నారు. వెనకవాళ్లు ఏమీ అనుకోవడం లేదు. తమ కార్డు తీసి, ఆనించి, లాగి, లోపలికి వెళ్తున్నారు. పుస్తకాలు పట్టుకున్నవాళ్లు కింద పెట్టి ఆనిస్తున్నారు. పేకాట గది ముందు వరసలు. కండక్టరు ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా జేబులో చేతులు పెట్టుకుని నడుస్తాడు.

కమిటీ మీటింగులో స్లైడుబాబు దీన్ని కూడా బొమ్మ వేసి చూపించాడట. అన్ని సౌకర్యాల వినియోగమూ పెరిగిందట. అన్నీ ఆకుపచ్చేనట. ఈ సంగతి నాకు మా ఆయనే చెప్పాడు. చెప్పి, నేనేమైనా అంటానేమోనని చూశాడు.

ఆయన రోజూ సాయంత్రం వెనక్కి వస్తాడు. అక్కకు పేపరు చదివి పెడతాడు, ఆవిడ ఆయన్ను ఎత్తిపొడుస్తుంది, ఆయన నవ్వుతాడు. వాళ్లిద్దరికీ మాటలు ఉన్నాయి. నాకు లేవు. గొడవ పడేంత మాట కూడా లేదు.

వెనక బ్లాకు తలుపు తొట్టి తలుపు లాంటిదే. అదే స్ప్రింగు, అదే యంత్రం, అదే కాగితం. వాన గట్టిగా పట్టిన ఒక సాయంత్రం నేను మందుల షాపు నుంచి వస్తున్నాను. బ్లాకు మెట్ల దగ్గర వెనకనుంచి ఆయన అడుగుల చప్పుడు వినిపించింది. యాభై ఏళ్లుగా వింటున్న చప్పుడు, వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. నేను కార్డు ఆనించాను. కీచుమంది. తలుపు లాగి లోపలికి వెళ్లాను.

"ఏయ్, కాస్త తలుపు..." అన్నాడు.

తలుపు మూసుకుంది.

తలుపు అద్దంలోంచి చూశాను. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో పళ్ల సంచి, చంకలో పాత దుప్పటి. అక్క అడిగిన దుప్పటి. గొడుగు మెడకూ భుజానికీ మధ్య ఇరికించాడు, నిలవలేదు. సంచి తడి నేల మీద పెట్టాడు. చొక్కా జేబు వెతికాడు, ప్యాంటు జేబు వెతికాడు. గొడుగు జారి మెట్ల మీద పడింది. ఆయన దాన్ని తీసుకోలేదు. తడుస్తూ అద్దంలోంచి నా వైపు చూశాడు. నేనూ చూశాను.

నడవాలో చక్రాల కుర్చీలో ఉన్న అక్కకు వాన చప్పుడు తప్ప ఏమీ తెలియడం లేదు.

"ఎవరే బయట?" అంది.

"ఎవరూ లేరక్కా," అన్నాను. "ఇంకా కార్డు ఆనించలేదు."